ముద్దయీ, ముద్దాయి

మొన్న షాబాన్ నెలలో ఒక ఆదివారం పొద్దున, అమ్మీ ఇంకా చాయ్ పెట్టకముందే మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే అరవై దాటిన పెద్దమనిషి. తెల్ల పంచె, భుజం మీద తువ్వాల, చంకలో బట్టల దుకాణం వాళ్ళిచ్చే సంచి.

"పేపర్ల రాసే సాబ్ ఇల్లు ఇదేనా? మీకు పాత ఉర్దూ సదువొస్తదట గదా?"

"రాండ్రి పెద్దనాయనా, లోపలికి రాండ్రి" అని కూర్చోబెట్టాను.

సంచిలోంచి ఒక తువ్వాల, తువ్వాలలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, కవరులోంచి నాలుగు మడతల కాగజ్ తీశాడు. మడతల దగ్గర చిరిగితే ఎవరో వెనక అన్నం మెతుకులతో పాత పంచాంగం ముక్కలు అంటించారు. ఊరు కోరుట్ల అవతల. మసీదు ఇమాం సాబ్‌కు చూపించాడట. అచ్చులో ఉన్నదైతే చదువుతా గానీ ఇది శికస్తా ఖత్, నాతో కాదు, జగిత్యాలలో ఫలానా ఆయన ఉన్నాడు, అడుగు అని ఆయన పంపాడట.

"ఇమాం సాబ్ ఒక్క మాట మాత్రం పట్టుకున్నడు. మా తాత పేరు పక్కన ముద్దాయి అని ఉన్నదట. మా ఊళ్ళ మా ఇంటిని ఇప్పటికీ ముద్దాయోల్లిల్లు అంటరు. ఎందుకంటరో ఎవలకు తెల్వదు. దొంగతనం చేసిండంటరు కొందరు. కాదు, కొట్లాట అంటరు కొందరు. మా అమ్మకు ఎనబై ఐదేండ్లు. సచ్చేలోపల ఆ సంగతేందో తెల్సుకోవాలె అంటది. సూడు సాబ్, ఏం తప్పు చేసిండో."

కాగజ్ చేతిలోకి తీసుకున్నాను. అది ఒక అదాలత్ ఫైసలా నకలు. పైన ముద్ర. పక్కన నకలు ఇచ్చిన సాలు, 1360 ఫస్లీ. అంటే మన లెక్కలో 1950-51. ఫస్లీకి 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. లోపలి ఫైసలా ఇంకా పాతది, 1347 ఫస్లీ, అంటే 1937-38. ఏ అదాలతో, ఏ ఊరో ఇక్కడ రాయను. రెండు వైపుల కుటుంబాలూ ఇంకా ఉన్నాయి. మూడో వైపు కూడా ఒక కుటుంబం ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నాకు ఈ లిపి ఎట్లా వచ్చిందో చెప్పాలి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు. ఉర్దూ స్కూల్లో ఉన్నన్ని రోజులు గల్లీలో పిల్లలు "అలీఫ్ బే" అని పిలిచేవాళ్ళు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఖాన్‌దాన్‌లో "పండిత్‌జీ" అన్నారు. కానీ శికస్తా బడిలో నేర్పరు. నుక్తాలు ఎగిరిపోయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, కలం ఎత్తకుండా రాసే రాత అది. పేరులోనే ఉంది, శికస్తా అంటే విరిగినది. అబ్బా నాకు అది మా దాదా ట్రంకు పెట్టెలోని కాయితాల మీద నేర్పారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు. "పఢ్ బేటా, ఏక్ దిన్ కామ్ ఆయేగా" అనేవారు. నాకు ఏమీ కామ్ వచ్చేట్టు కనిపించేది కాదు.

మా దాదా అర్జీనవీస్. జగిత్యాల కచేరీ ముందు చెట్టు కింద చాప, చాప మీద డెస్కు, సిరాబుడ్డి, రెల్లు కలాలు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ గోడు తెలుగులో విని ఉర్దూలో రాసేవాడు. అర్జీ, దావా, జవాబ్‌దావా, రహన్‌నామా, బైనామా. చదువులేని మనిషికీ హుకూమత్‌కూ మధ్య ఆ చాప ఒకటే. జనం ఆయన్ని మున్షీ సాబ్ అనేవాళ్ళు. నేను పుట్టకముందే పోయారు. మా ఇంట్లో ఆయన గురించి చెప్పేటప్పుడు ఒక మాట తప్పకుండా వచ్చేది: "మీ దాదా గరీబోళ్ళ కలం." చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట. పత్రికలో నా మొదటి వార్త అచ్చయినప్పుడు కూడా అమ్మీ అదే అంది, "దాదా కలం నీకొచ్చింది."

ఇక ఆ కచేరీ ఎట్లా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే ఆ కాగజ్ అర్థం కాదు.

జగిత్యాల అనగానే అందరూ ఖిలా అంటారు. 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారు. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, లోపల ఇప్పటికీ తోపులు పడి ఉన్నాయి. ఆ ఇంజినీర్ల పేర్లు జాక్, టాల్ అనీ, వాళ్ళ పేర్ల మీదే ఊరికి పేరు వచ్చిందనీ మా చిన్నప్పుడు చెప్పేవాళ్ళు. అది కహానీయే కావచ్చు. అప్పుడు పెద్ద ఠాణా ఎలగందుల. మానేరు ఒడ్డున కొండ మీద కోట, జిల్లాకు కూడా అదే పేరు. ఆ రోజుల్లో ఇన్సాఫ్ అంటే కోటలో ఉన్నవాడి మాట. అతను కాకపోతే ఊరి దేశ్‌ముఖ్, లేదంటే కులపెద్దలు, మన ఇండ్ల సంగతులకు ఖాజీ. తాలూక్‌దార్ అనే పదం ఉండేది గానీ అతను మనం అనుకునే అధికారి కాదు, శిస్తు వసూలు గుత్తకు తీసుకున్నవాడు. గుత్త డబ్బు రాబట్టుకోవడం అతని పని. ఫిర్యాదు వినడం అతని పని కాదు.

1853లో మొదటి సాలార్ జంగ్ దీవాన్ అయ్యాడు. ఆయన మెల్లమెల్లగా ఈ గుత్తల పద్ధతి తీసేశాడు. 1865లో జిలాబందీ చేశాడు. రియాసత్‌ను జిల్లాలుగా, జిల్లాలను తాలూకాలుగా కట్టి జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను, తహసీల్దార్లను పెట్టాడు. అవ్వల్ తాలూక్‌దార్ అంటే ఇప్పటి కలెక్టర్. అదాలతులకు మున్సిఫ్‌లు వచ్చారు. మన ఊళ్ళల్లో కచేరీ అనే మాటకు ఒక ఇల్లు, ఒక కుర్చీ, ఒక బస్తా వచ్చింది అప్పుడే. బస్తా అంటే బియ్యం బస్తా కాదు. మిసళ్ళు కట్టిపెట్టే గుడ్డమూట. రికార్డు గదుల్లో వరుసగా ఎర్ర గుడ్డ మూటలు, మూట లోపల మనుషుల తగాదాలు.

1905లో ఎలగందుల జిల్లా పేరు కరీంనగర్ అయింది. హద్దులు కూడా మారాయి. చెన్నూరు, లక్షెట్టిపేట అటు సిర్పూర్ తాండూరు వైపు, అంటే ఇప్పటి ఆదిలాబాద్ వైపు పోయాయి. సిద్దిపేట మెదక్‌కు పోయింది. పరకాల వరంగల్ నుంచి ఇటు వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కరీంనగర్‌లోనే మిగిలాయి. జగిత్యాలలో తహసీలు కచేరీ, మున్సిఫ్ అదాలత్ రెండూ ఉండేవి. మా కోరుట్ల బంధువులకు కచేరీ అంటే జగిత్యాలే. పాతిక కిలోమీటర్లు బండి మీదో, నడిచో వచ్చి పేషీ వాయిదా పడితే మళ్ళీ నడిచి పోయేవాళ్ళట. తారీఖ్ అనే మాటకు మా ఇంట్లో తేదీ అని అర్థం లేదు, కోర్టు వాయిదా అనే అర్థం.

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అదాలత్-ఎ-ఆలియా, అదే మన హైకోర్టు భవనం, 1920 ఏప్రిల్‌లో తెరిచారు. మరుసటి ఏడాది, 1921లో, ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానుతో న్యాయశాఖను పాలనశాఖ నుంచి వేరు చేశారు. అంటే శిస్తు వసూలు చేసేవాడే ఫైసలా చెప్పే పద్ధతి పోవాలని. అప్పటికి హిందుస్తాన్‌లో చాలాచోట్ల కలెక్టర్లే మెజిస్ట్రేట్లు. ఇది నిజంగా ఫఖ్ర్ పడాల్సిన సంగతే. మన పెద్దలు మహఫిల్‌లలో చెప్పుకునేదీ ఇదే.

కానీ అదే 1921లో ఇంకోటి జరిగింది. హైదరాబాద్‌లో వివేకవర్ధినిలో ఒక సంఘ సంస్కరణ సభ. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లిష్‌లో మాట్లాడినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. రియాసత్‌లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. పట్నంలో వకీలుకే ఆ గతి అయితే, జగిత్యాల చెట్టు కింద నిలబడ్డ రైతు సంగతి ఏమిటి?

నేను ఉర్దూను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఉర్దూ నా అమ్మీ జబాన్. సర్కారు కాగితాల్లో మొదట ఫార్సీ ఉండేది. 1880ల్లో దాని జాగాలో ఉర్దూ వచ్చింది. అప్పుడది జనానికి దగ్గరగా వచ్చిన మార్పే, పట్నంలో జనానికి. అట్లాగే ఉర్దూ ఒక్క ముసల్మాన్లదే అనుకోవద్దు. సిరిసిల్ల పక్క హనుమాజీపేటలో పుట్టిన సినారె చదువు చాలావరకు ఉర్దూ మీడియంలోనే సాగింది. ఆ మనిషే తెలుగు కవిగా జ్ఞానపీఠ్ తెచ్చాడు. ఇక రాజ్యం ఒక భాషలో, రైతు ఒక భాషలో ఉండటం మన దగ్గర మాత్రమే జరిగిందీ కాదు. ఇంగ్లండ్‌లో అదాలతుల్లో ఫ్రెంచి నడిచేది. అది ఎవరికీ అర్థం కావడం లేదని 1362లో అక్కడ చట్టం చేశారు, వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని.

కచేరీ భాష మారినా కచేరీ మాటలు ఊళ్ళో ఉండిపోయాయి. వకీలు, దావా, జామీను, ఫిర్యాదు, దస్తావేజు, హాజరు, వాయిదా, జప్తు, అమీను, రాజీ, ఖైదు. ఏ తెలుగు రైతును అడిగినా ఇవి ఉర్దూ అని అనుకోడు. కానీ నోటి నుంచి నోటికి పోతూ ఒక మాట తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నా హక్ నాకు ఇప్పించండి అని అడిగినవాడు. ఎవరి మీద దావా వేశారో అతను ముద్దాఅలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ఆ వెనక మాట అరిగిపోయి, ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు అయిపోయింది. ఇప్పుడు మేం పత్రికల్లో రోజూ రాసేది అదే. నేనే కొన్ని వందల సార్లు రాసి ఉంటాను.

అందుకే ఆ కాగజ్ పై వరుస చదవగానే నాకు ఖుషీ అయింది.

"పెద్దనాయనా, మీ తాత ఏ తప్పూ చేయలేదు. ఇక్కడ ఉన్నది ముద్దయీ. అంటే ఆయనే కోర్టుకు పోయిండు. ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేదు. ఆయనే దొర మీద దావా వేసిండు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "దొర మీదనా? ఆ కాలంలనా?" అన్నాడు.

1930ల్లో, దొర మీద. అమ్మీ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని "మళ్ళొకసారి చెప్పు సాబ్" అన్నాడు. మళ్ళీ చెప్పాను. అంతటితో కాగజ్ మడిచి ఇచ్చేస్తే బాగుండేది. కానీ ఆయన "మిగిలింది సదువు" అన్నాడు.

చదివాను. ముద్దయీ బయాన్ ఇదీ. ధరలు పడిపోయి శిస్తు కట్టలేక నాలుగెకరాల చిల్లర ఖుష్కీ భూమి దొర దగ్గర పెట్టి సిక్కా ఉస్మానియా నూటయాభై రూపాయలు తీసుకున్నాను. నేను పెట్టింది రహన్, అంటే కుదువ. అమ్మలేదు. అయిదేళ్ళకు పైకం పట్టుకుని పోతే భూమి నాదంటున్నాడు. కాయితం మీద బై అని, అంటే అమ్మకం అని ఉందట. నాకు ఉర్దూ రాదు. వేలు వేయమంటే వేశాను.

ముద్దాఅలైహ్ జవాబ్: అది బై. కాయితం ఉంది, అంగూఠా ఉంది, గవాహులు ఉన్నారు.

తర్వాత గవాహీలు. మొదటి గవాహ్, రెండో గవాహ్. మూడో గవాహ్, కాయితం రాసిన అర్జీనవీస్. పేరు, తండ్రి పేరు, ఉండే చోటు.

మా దాదా.

నకలునవీస్ రాత స్పష్టంగానే ఉంది. అయినా మూడుసార్లు చదివాను. తండ్రి పేరు కూడా సరిపోయింది. నా గొంతు ఆగిపోయింది. అమ్మీ "క్యా హువా?" అంది. పెద్దాయన నా ముఖం వైపు చూస్తున్నాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు. నేను ఏం చెబితే అదే ఆ కాగజ్‌లో ఉన్నట్టు. "రాసినాయన ఎవరో" అని దాటేస్తే ఈ దునియాలో నన్ను పట్టుకునేవాడు లేడు. తొంభై ఏళ్ళ కింద ఇంకో మనిషి కూడా సరిగ్గా ఇట్లాగే ఒక చాప మీద కూర్చుని ఉంటాడు. ఎదురుగా ఇదే చూపుతో ఈయన తాత.

"కాయితం రాసిన మున్షీ మా దాదానే పెద్దనాయనా" అన్నాను.

దాదా ఇజ్హార్ రెండు వరుసలే. బైనామా నేనే రాశాను, పఢ్‌కర్ సునాయా, తెలంగీ జబాన్‌లో సమ్‌ఝాయా, ముద్దయీ ఒప్పుకుని అంగూఠా వేశాడు. కింద అదాలత్ మాట: కాతిబ్ గవాహీ మీద ఏతబార్ చేయకపోవడానికి వజహ్ కనిపించడం లేదు. దావా ఖారిజ్. ఖర్చులు ముద్దయీ మీద.

ఇల్లంతా నిశ్శబ్దం. చాయ్ తెచ్చి పెట్టింది అమ్మీ. ఆయన తాగలేదు. చాలాసేపటికి అడిగాడు.

"మీ తాత అబద్ధం చెప్పిండా, నిజం చెప్పిండా?"

"నాకు తెల్వదు పెద్దనాయనా."

తెలియదు. అదే నిజం. బహుశా దాదా నిజంగానే తెలుగులో విడమరిచి చెప్పి ఉంటాడు, కరువులో ఆ రైతుకు ఇంకో దారి లేక వేలు వేసి ఉంటాడు. బహుశా దొర ఎదురుగా కూర్చుని ఉంటే గబగబా చదివి చాప మడిచి ఉంటాడు. అమ్మినప్పుడు కూడా రైతుల్లో చాలామందికి అది కుదువే అనిపించేది, పైకం దొరికితే తిరిగి వస్తుందని ఆశ. మున్షీకి కూడా పిల్లలున్నారు, రేపు మళ్ళీ అదే కచేరీ ముందు చాప పరచాలి. ఇన్ని బహుశాలు నేను అనగలను. ఆ రోజు పెద్దాయన ముందు ఒక్కటి కూడా అనలేదు.

ఆయన తన కథ చెప్పాడు. భూమి పోయాక తాత పాలేరు అయ్యాడు. 1950లో కౌలుదారీ చట్టం వస్తే ఆశపడి వాళ్ళ నాయన ఈ నకలు తీయించాడు. వకీలు చూసి, ఇది కౌలు కాదు, బై, ఏం చేయలేం అన్నాడట. కాయితం మాత్రం చూర్లో దాచారు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినప్పుడు వాళ్ళ నాయన కూడా నడిచి వచ్చాడట. అక్టోబర్ 20న సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్ళో పోలీసుల భయానికి ఆయన్ని, అప్పటికి పిల్లగాడు, సిరిసిల్లలో సాంచాల మీద పనికి పంపారు. "అక్కడా కల్లోలిత ప్రాంతమే సాబ్, ఏడికి పోయినా అదే" అని కొంచెం నవ్వాడు. నలభై ఏళ్ళు సాంచాల చప్పుడు వినీ వినీ ఇప్పుడు ఒక చెవి పనిచేయదు. కొడుకు దుబాయ్‌లో. కోడలు బీడీలు చేస్తుంది.

"మాకు భూమి వస్తదని కాదు సాబ్. గది ఎప్పుడో ప్లాట్లు అయింది. మా తాత అమ్ముకుని తాగిండని ఒకలు, ముద్దాయి అని ఒకలు. ఆయన కోర్టుల నిలబడి అడిగిండు అన్నది మాత్రం మాకు ఎవ్వలు చెప్పలేదు."

ఆయన పోయాక నేను కోరుట్ల పోయాను. మా ఫుప్పూ అక్కడే ఉంది. ఎనభై దాటింది, యాది మాత్రం గట్టిది. జరిగింది చెప్పి, "దాదా అట్లా చేసుంటాడా?" అన్నాను. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరుకుంది.

"నాకు ఆ ముకద్దమా తెల్వదు బేటా. నేను పుట్టనే లేదు. నాకు యాదున్నది పోలీస్ యాక్షన్ అయినంక సంగతి. ఉర్దూ కాయితాలు రాయించేటోళ్ళు తగ్గిపోయిన్రు. అబ్బా చేతికి పని లేదు. మీ అబ్బా పలక పట్టుకొని, కొడుకు పక్కన కూసుండి అ ఆలు దిద్దేటోడు. యాభై ఏండ్ల మనిషి. అమ్మ నవ్వేది. తర్వాత తెలుగుల రాసుడు షురూ చేసిండు. ఒక్కటి మాత్రం చెప్తా. ఎవరి కాయితం రాసినా రెండుసార్లు చదివేటోడు. చదివి, ఇప్పుడు నువ్వు చెప్పు, నేనేం రాసిన్నో, అనేటోడు. ఎదుటిమనిషి తిరిగి చెప్పేదాంక వేలు వెయ్యనిచ్చేటోడు కాదు. జనం చిరాకు పడేటోళ్ళు."

"మొదటి నుంచీ అట్లనేనా? లేక తర్వాత మొదలుపెట్టిండా?"

"నేను చూసినప్పటి నుంచి అట్లనే. అంతకుముందు అల్లాకు ఎరుక."

ఈ జవాబుతో నా దిల్ తేలికపడలేదు. ఇంకా బరువైంది. మంచి మనిషి కాబట్టి అట్లా అడిగేవాడా, ఒకసారి అడగక ఒకరి భూమి పోయింది కాబట్టి అడిగేవాడా. రెండూ నిజమే కావచ్చు. మన పెద్దల గురించి మనం రెండే రకాలుగా మాట్లాడుకుంటాం. ఒకటి, మన హుకూమత్ ఉన్నప్పుడు ఇన్సాఫ్ ఎంత బాగుండేదో అని. రెండు, అదంతా నవాబులది, దొరలది, గరీబు ముసల్మాన్లకు దాంట్లో ఏం సంబంధం అని. ఆ కాగజ్‌లో మా దాదా నవాబు కాదు, దొర కాదు. రోజుకు నాలుగు అణాలు దొరికితే అదే బర్కత్ అనుకునే గరీబు. అయినా ఆయన దగ్గర ఎదుటివాడి దగ్గర లేనిది ఒకటి ఉంది, అక్షరం. ఆ ఒక్క అక్షరం ఉన్నవాడి మాట మీద అదాలత్ ఏతబార్ చేసింది.

ఇప్పుడు ఆ అక్షరం చేతులు మారింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు సర్కారు భాష అయింది. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల రెండూ జిల్లాలయ్యాయి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు వాటి వాటి జిల్లా కోర్టులు వచ్చాయి. కరీంనగర్ పోయే బాధ తప్పింది. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు మొదటిసారి తెలుగులో ఒక తీర్పు ఇస్తే అది వార్త అయింది, నేనూ చదివాను. మొదటిసారి ఇచ్చారు కాబట్టి వార్త అయింది. అంటే మిగతావన్నీ ఏ భాషలో ఉన్నాయో ఆలోచించండి. కోర్టు వరండాలో ఇప్పటికీ చేతిలో ఇంగ్లిష్ కాయితం పట్టుకుని "ఏం రాసిన్రు సార్ దీంట్ల?" అని అడిగేవాళ్ళు కనిపిస్తారు. మనవాళ్ళూ ఉంటారు, వాళ్ళూ ఉంటారు. దస్తావేజు చివర "చదివి వినిపించగా ఒప్పుకుని" అనే మాట ఇప్పటికీ ఉంటుంది. పఢ్‌కర్ సునాయా గయా. జబాన్ మారింది, ఆ వరుస మారలేదు.

పదిహేను రోజుల తర్వాత పెద్దాయనకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆ ఫైసలా మొత్తం తెలుగులో రాసిపెట్టాను. దాదా ఇజ్హార్‌తో సహా, దాదా పేరుతో సహా. ఈసారి ఆయన వెంట వాళ్ళమ్మ కూడా వచ్చింది, ఆటోలో. అమ్మీ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

నేను మొత్తం చదివాను. మెల్లగా. చదివి, "ఇప్పుడు మీరు చెప్పుండ్రి, నేనేం సదివిన్నో" అన్నాను. ముసలమ్మ తిరిగి చెప్పింది. "మా మామ దొర మీద కేసేసిండు. భూమి కుదువ పెట్టిన గని అమ్మలేదన్నడు. మీ తాత, సదివి చెప్పినంకనే ఏలేసిండన్నడు. జడ్జి మీ తాత మాట ఇన్నడు." ఒక్క పొల్లు తేడా లేదు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు దాసిపెడితే మాకెట్ల ఎరుకైతుండె కొడుకా" అంది. మా దాదాను మాఫ్ చేశానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. మాఫ్ చేయాల్సిన మనిషి ఎప్పుడో పోయాడు.

పెద్దాయన కింద నా దస్తఖత్ పెట్టమన్నాడు. పెట్టాను. అలవాటుగా "చదివి వినిపించాను" అని రాయబోయి ఆగాను. కలం ఆయనకు ఇచ్చి, "విన్నట్టు మీరే రాయుండ్రి పెద్దనాయనా" అన్నాను. సిరిసిల్లలో రాత్రి బడికి పోయి నేర్చుకున్నాడట. పెద్ద పెద్ద అక్షరాలతో, ఒత్తులు దగ్గర ఆగి ఆగి రాశాడు: విన్నాను. కింద తన పేరు, దాని కింద తాత పేరు, దాని పక్కన కుండలీకరణంలో ముద్దయీ అని. దీర్ఘం సరిగ్గా పడిందా అని నన్ను అడిగాడు. పడింది.

మీ ఇండ్లల్లో కూడా ట్రంకు పెట్టెలు ఉంటాయి. ఉర్దూ చదవడం ఇంట్లో ఎవరికీ రాదని, ఖురాన్ ఆయతులేమో అనే భయంతో పారేయలేక, చదవలేక పెట్టిన కాయితాలు. వాటిలో మన హక్ ఉండొచ్చు. ఇంకొకరి హక్ కూడా ఉండొచ్చు. చదివేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు మిగిలి ఉన్నప్పుడే తీసి చదివించండి. మీ పెద్దల పేరు ఎక్కడ వచ్చినా ఆపకుండా చదవమనండి.